బొగ్గు గీత

మా వీధిలో ఏ ఇంటి కోడి పొదుగుకొచ్చినా ముందు కబురు అసిరమ్మకే వెళ్ళేది. ఆవిడ వచ్చి బుట్టలో వరిగడ్డి సర్ది, గుడ్లు ఒక్కొక్కటే చెవి దగ్గర ఆడించి చూసి, మంచివి ఏరి, వాటిమీద బొగ్గుతో గీత గీసి కోడి కింద పెట్టేది. తర్వాత ఇంకో కోడి వచ్చి అదే బుట్టలో గుడ్డు పెట్టి పోయినా తేడా తెలియాలని ఆ గీత. నాకు కోళ్ళంటే మంట. నా మెంతికూర మడిని అవి ఎన్నిసార్లు పెళ్ళగించాయో! అయినా ఉన్నమాట చెప్పాలి కదా, అసిరమ్మ పెట్టిన గుడ్డు మురిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ చెయ్యి మంచిదని వీధంతా అనుకునేవాళ్ళు.

నా పేరు భ్రమరాంబ. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా ఆయన త్రినాథరావు గారికి స్టీలు ప్లాంటులో ఉద్యోగం వస్తే విశాఖపట్నం వచ్చాం, రిటైరయ్యాక అప్పికొండ దారిలో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయాం. గోడకు అవతలి ఇంట్లో అసిరమ్మ, ఆవిడ భర్త తవిటయ్య. వాళ్ళది సబ్బవరం దగ్గర ఊరు. ఉన్న కాస్త పొలం చుట్టూ కాలనీలు లేచి అదీ ప్లాట్లయిపోయింది. పరవాడలో ఓ మందుల కంపెనీ గేటు దగ్గర తవిటయ్యకు కాపలా పని దొరికితే ఇటు వచ్చేశారు. మట్టి పని తప్ప మరో పని ఎరగని మనిషి, అసిరమ్మ. ఇక్కడికొచ్చాక ఏం చేయాలో తోచక మా ప్రహరీ గోడ మీద గడ్డం ఆనించి, రోజూ నన్ను "ఏటి సేత్తన్నావ్ సెల్లీ?" అని అడుగుతూ కూర్చునేది. నాకు పని తెమిలేది కాదు.

అలాంటి మనిషికి తాబేళ్ళ హేచరీలో పని దొరికింది. చలి వెనకబట్టే రోజుల్లో సముద్రపు తాబేళ్ళు మా తీరానికొచ్చి, ఇసకలో గుంట తీసి గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. అంతకుముందు కుక్కలు వాటిని తవ్వి తినేసేవి. ఒకవేళ పిల్లలు పైకొచ్చినా, రిసార్టుల లైట్లు చూసి అదే సముద్రమనుకుని రోడ్డుకేసి పాకి, కార్ల కింద పడి చచ్చేవి. అందుకని ఒక సంస్థ వాళ్ళు ఒడ్డున వల కంచె కట్టి, ఎక్కడెక్కడి గుడ్లో తెచ్చి అందులో కొత్త గుంటలు తీసి కప్పేవారు. దాన్ని నడిపేవాడు సాయిశంకర్, సిటీ నుంచి వచ్చిన చదువుకున్న కుర్రాడు. గుడ్లు వెతికి తెచ్చేవాడు అశోక్. వాడు బెస్తవాళ్ళ అబ్బాయి, ఇద్దరు పిల్లల తండ్రి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కంచె కాపలా మాత్రం అసిరమ్మది.

మొదటిరోజే సాయిశంకర్ చెప్పాడట, "అమ్మా, గుంటల్ని ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దు" అని. అబ్బో, ఆ కాపలా చూడాలి మీరు! కుక్క వస్తే కర్ర, సెల్ఫీలంటూ కంచె మీద వాలే కాలేజీ పిల్లలకు తిట్లు. ఒక పోలీసాయన కూతురికి చూపిద్దామని తలుపు తోస్తే, "బాబూ, ఇది నీ టేసను కాదు, ఒగ్గీ" అందట. పేపరువాళ్ళు ఫొటో వేశారు. తవిటయ్య దానికి లామినేషన్ చేయించి గోడకు తగిలించాడు. అప్పట్నుంచి ఆవిడ పేరు తాబేళ్ళ అసిరమ్మ. బస్సు కండక్టరు కూడా అలాగే పిలిచేవాడు. పొలం పోయాక వంగిన నడుము మళ్ళీ నిటారుగా అయిందావిడకి.

చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఆవిడొక కథ చెప్పేది. చిన్నప్పుడు నాయనమ్మతో శ్రీకూర్మం వెళ్ళినప్పుడు ఓ హరిదాసు చెప్పాడట. పక్షి గుడ్లను ఒంటి వేడితో పొదుగుతుందట, చేప చూపుతో పొదుగుతుందట, తాబేలు తలపుతో పొదుగుతుందట. ఎంత దూరాన ఉన్నా తల్లి మనసులో పిల్లలనే తలుచుకుంటూ ఉంటే ఇక్కడ ఇసకలో గుడ్డు పండుతుందట. సాయిశంకర్ నవ్వేవాడు గానీ, కథ బాగుంది కదా అని ఊరుకునేవాడు. అసిరమ్మకు అది కథ కాదని మాకెవరికీ తట్టలేదు.

ఆ సీజను ఆఖరున ఒక తాబేలు, తెల్లవారాక, ఎండ వచ్చాక గుడ్లు పెట్టడానికి వచ్చింది. ముందరి రెక్క ఒకటి సగానికి తెగిపోయి ఉంది. ఏ బోటు ఫ్యాను తగిలిందో! తెగిన రెక్కతోనే ఈడ్చుకుంటూ వచ్చి, గుడ్లు పెట్టి, ఈడ్చుకుంటూ పోయింది. కాపలాకు వెళ్తున్న అసిరమ్మ దారిలో ఆగి దగ్గరుండి చూసింది. కుక్కలు తిరిగే చోటని, అశోక్ ఆ గుడ్లను ఇసక బకెట్లో సర్ది హేచరీకి బైకు మీద తెచ్చాడు. వెనక అతని భార్య రోజారమణి బకెట్టును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వారం తిరక్కుండా అదే తాబేలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మెడకు వల తాడు చుట్టుకుని ఉంది, ఒళ్ళంతా ఉబ్బిపోయింది. ట్రాలరు వలలో పడితే తాబేలు పైకొచ్చి ఊపిరి తీసుకోలేదు కదా. ఆ సీజన్లో అలా చాలా కొట్టుకొచ్చాయి. పరీక్ష చేసి పూడ్చే పని సాయిశంకర్ వాళ్ళది. వాళ్ళకి అలవాటైపోయింది. అసిరమ్మ మాత్రం సగం రెక్క చూసి గుర్తుపట్టి, సొంత మనిషి పోయినట్టు ఏడ్చింది. ఆరోజు అన్నం తినలేదు.

"ఆ తల్లి సచ్చిపోనాది సెల్లీ. ఇంక ఆ గుడ్లని తలుసుకునేదెవులు?" అంది నాతో.

"నువ్వే తలుచుకో అక్కా, నీకేం పని?" అన్నాను నేను, ఊరికే నోటికొచ్చి.

తర్వాత ఒకరోజు ఇస్త్రీ బండి పోలిరాజును బొగ్గు ముక్క అడుగుతుంటే చూశాను. పళ్ళు తోముకోవడానికి కాబోలనుకున్నాను. ఇంట్లో పేస్టుండగా ఈ బొగ్గేమిటని ఎగతాళి కూడా చేశాను. నవ్వేసి వెళ్ళిపోయింది.

తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే సాయంత్రం టౌన్‌షిప్ స్కూళ్ళ నుంచి పిల్లలొచ్చారు, మేమూ వెళ్ళాం. నల్లగా, అరచేతిలో పట్టేంత తాబేలు పిల్లలు టబ్బుల్లోంచి దిగి, అల వినిపించే వైపు పరుగులు పెడుతుంటే నాకే ఒళ్ళు పులకరించింది. అందరూ చప్పట్లు కొట్టారు. అసిరమ్మ మాత్రం సగం రెక్క తాబేలు గుడ్లున్న చివరి గుంట దగ్గరే నిలబడింది. దాని గడువు దాటిపోయింది, ఇసక కదల్లేదు. సాయిశంకర్ మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాడు. చెయ్యి పెట్టగానే కుళ్ళు కంపు గుప్పుమంది. గుడ్లన్నీ పసుపుపచ్చగా, బూజు పట్టి, తడి ఇసక అంటుకుని ఉన్నాయి. ఒకటి చింపి చూశాడు. లోపల పిల్ల కట్టడం మొదలై ఆగిపోయింది. స్కూలు పిల్లలు చూస్తారని గబగబా వెనక వైపు గొయ్యి తీయించి పాతిపెట్టించేశాడు.

అక్కడితో ఆగాడా? అందరి ముందూ అశోక్ మీద విరుచుకుపడ్డాడు. "గుడ్లు తిరగబడ్డాయి. ఆరోజు కల్వర్టు దగ్గర బైక్ స్కిడ్ అయిందన్నావు కదా?"

"అయింది సార్. కానీ రోజా కాలు కింద ఎట్టి ఆపీసింది. బకెట్టు ఒరగనేదు సార్."

"ఒరగలేదట! ఇన్ని ప్రాణాలు పోయాయి. రేపట్నుంచి నువ్వు రావద్దు."

ఏడాది పొడుగునా ఉండే పనికి అశోక్ పేరు పంపుతానని అంతకుముందే మాటిచ్చాడు సాయిశంకర్. ఆ మాటా అక్కడే పోయింది. అశోక్ తల వంచుకుని నిలబడ్డాడు. అప్పుడు అసిరమ్మ మెల్లగా అడిగింది.

"గుడ్డు తిప్పకూడదా బాబూ?"

"కోడిగుడ్డుకీ దీనికీ తేడా ఉందమ్మా. కోడిగుడ్డు తిప్పకపోతే పాడవుతుంది. ఇది తిప్పితే పాడవుతుంది. పెట్టిన కాసేపటికే లోపలి పిల్ల పెంకుకు పైవైపు అతుక్కుంటుంది. తర్వాత గుడ్డు తిరగబడితే ఇక అంతే, ఊపిరాడదు."

"అలగా బాబూ" అంది అసిరమ్మ.  ఇంటికొచ్చే దారంతా నేను సాయిశంకర్‌ను తిడుతూనే ఉన్నాను, ఆవిడ నాకంటే నాలుగడుగులు ముందే నడిచిపోయింది.

మర్నాటి నుంచి ఆవిడ బయటికి రాలేదు. జ్వరమన్నాడు తవిటయ్య. కోళ్ళు తిండి లేక నా గుమ్మంలోకొచ్చి అరుస్తున్నాయి. నాకు చిర్రెత్తుకొచ్చి, ఇదేమిటో తేల్చుకుందామని వెళ్ళాను. ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గోడ మీద పేపరు ఫొటో లేదు. ఒంటిమీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది, జ్వరమూ లేదు, పాడూ లేదు.

నేనక్కడ ఉండగానే రోజారమణి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. మంచం పక్కన నేలమీద కూర్చుని అసిరమ్మ చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఆ బకెట్టు నా ఒళ్ళో ఎట్టుకుని తెచ్చాను. పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాను. రవ్వంత ఒరగనేదు. సారు నా మాట ఇనడు. నీ మాటయితే ఇంటాడు, నువ్వొక్కపాలి సెప్పత్తా. ఈడు గుజరాత్‌లో వేరావల్ పోతానంటన్నాడు, బోటు పనికి. ఆదివారం బండికి ఎల్లిపోతే మళ్ళీ వానలొచ్చీదాకా రాడు. మా పెదనాన్న కొడుకు అలగే ఎల్లి మరి రానేదు, నీకు తెల్దేటి?"

అసిరమ్మ ఆ చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. "సెప్తానమ్మా, ఎల్లు" అంది, మొహం ఇటు తిప్పకుండానే.

రోజారమణి గడప దాటిందో లేదో ఈవిడ లేచి కూర్చుని రెండు చేతులతో తల బాదుకుంది.

"నాను తిప్పినాను సెల్లీ! నానే! పొద్దున్న ఎవులూ రాకముందు ఇసక తీసి, ఒక్కో గుడ్డూ తిప్పి మళ్ళీ కప్పీసేదాన్ని. మిగతా గుంటలు ముట్నేదు. ఆటికి తల్లులున్నాయి, తలుసుకుంటాయి. దీనికెవులున్నారు? కోడయితే కాలితో తిప్పదేటి? అలగే నానూ తిప్పినాను. ఏ వైపు తిప్పినానో తెలియాలని బొగ్గెట్టి గీత కూడా గీసినాను. తల్లిని వల సంపీసింది, పిల్లల్ని నాను సంపీసినాను."

"ముట్టుకోవద్దని చెప్పాడు కదక్కా!"

"ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దన్నాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వనేదు కదా సెల్లీ!"

ఆవిణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండాలా, జాలిపడాలా? ఆ 'ఎవరినీ'లో తానూ ఉన్నానని ఆవిడకు తట్టనే లేదు. తల్లిని ముట్టుకోవద్దని ఎవరంటారు?

తవిటయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఆయనకు ముందే తెలుసన్నమాట. "నోరు ముయ్యే. నువ్వు సెప్తే ఆ గుడ్లు మళ్ళీ పుడతాయేటి? ఆడు వయసులో ఉన్నోడు, ఎక్కడో కాడ బతుకుతాడు. బూమి పోనాది, ఊరు పోనాది, ఇక్కడ మనకి మిగిలింది ఈ పేరొక్కటే కదే" అన్నాడు. చెడ్డవాడు కాదు తవిటయ్య. భయపడ్డాడు.

"పేరట, పేరు! ఆ పిల్ల మొగుణ్ణి రైలెక్కించి ఏం చేసుకుంటారయ్యా ఆ పేరు?" అని అరిచేసి వచ్చేశాను. 

శనివారం పొద్దున్నే గోడ మీంచి పిలుపు. అసిరమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. "నాతో వత్తావేటి సెల్లీ? ఒక్కదాన్ని ఎల్లలేను" అంది. వెళ్ళాను.

హేచరీ దగ్గర సాయిశంకర్, కాలేజీ పిల్లలు కొందరు కంచె విప్పుతున్నారు. అశోక్, రోజారమణి కూడా ఉన్నారు. అక్కడ పెట్టుకున్న అతని సామాన్లు తీసుకుపోవడానికి వచ్చారు. అసిరమ్మ అందరి మధ్యలోకీ వెళ్ళి నిలబడింది.

"బాబూ, అశోక్ తప్పు నేదు. ఆ గుడ్లు నాను తిప్పినాను."

సాయిశంకర్ విప్పుతున్న వల కింద పెట్టి ఆవిడ దగ్గరికి వచ్చాడు. తర్వాత అతని మొహం మెత్తబడింది. "అమ్మా, మీ మనసు నాకు తెలుసు. అశోక్ మీద జాలితో నేరం మీ మీద వేసుకుంటున్నారు" అన్నాడు. కాలేజీ పిల్లల వైపు తిరిగి, "చూశారా? చదువు లేకపోయినా ఎంత గొప్ప మనసో!" అన్నాడు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ ఫోనెత్తి ఫొటో తీసింది. రోజారమణి వచ్చి అసిరమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది.

నేను చూస్తుండగానే ఆవిడ మొహం నల్లబడిపోయింది. తిట్టి ఉంటే నిలబడగలిగేది. ఆ పొగడ్త మాత్రం భరించలేకపోయింది. రోజారమణిని పక్కకు నెట్టి, కంచె వెనక్కి పరుగులాంటి నడక నడిచింది. గుడ్లు పాతిన చోట కూలబడి చేతులతో తవ్వడం మొదలుపెట్టింది.

"అమ్మా, వద్దు! ఇన్ఫెక్షన్ వస్తుంది!" అని సాయిశంకర్ అరుస్తూనే ఉన్నాడు. ఆవిడ వింటేగా! కంపుకు కాలేజీ పిల్లలు ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆవిడ ముడుచుకుపోయిన ఒక గుడ్డు పైకి తీసి, కొంగుతో ఇసక తుడిచి చెయ్యి చాపింది. గుడ్డు మీద నల్లటి గీత. ఇంకోటి తీసి తుడిచింది. దానిమీదా గీతే. ఇంకోటి తీసింది.

"ఇది బొగ్గు గీత బాబూ. నాను గీసిందే. పోలిరాజు బండి కాడ బొగ్గు అడుక్కున్నాను, ఈ సెల్లి సూసినాది. కోడిగుడ్లకి గీసినట్టు గీసినాను. ఇప్పుడైనా నమ్ముతావేటి?"

 సాయిశంకర్ ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. ఇసకంటుకుందనుకుని సరిగ్గా చూడనైనా చూడకుండా పాతించింది తనే కదా. ఫొటో తీసిన అమ్మాయి ఫోను దించేసింది. తర్వాత అశోక్ దగ్గరికి వెళ్ళాడు. "సోమవారం రా అశోక్. పేరు నేనే పంపిస్తాను" అన్నాడు. అశోక్ తలూపాడు.

రోజారమణి మాత్రం అసిరమ్మనే చూస్తూ నిలబడింది. "నాను నీకాడికే వచ్చి బతిమాలుకున్నాను కదత్తా! నీ సెయ్యి పట్టుకుని!" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. అసిరమ్మ కుళ్ళిన ఇసకతో నిండిన చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. నేనే లేవదీసి, అలల దగ్గరికి తీసుకెళ్ళి చేతులు కడిగించాను.

ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా ఆవిడ హేచరీ లోపలికి వెళ్ళలేదు. సాయిశంకర్ ఇంటికొచ్చి, ఎందుకు ముట్టుకోకూడదో చెప్పకపోవడం తన తప్పేనన్నాడు. "నీ తప్పు నీది, నా తప్పు నాది బాబూ" అంది. వీధిలో కోడి గుడ్లకు పిలిస్తే, "నా సెయ్యి మంచిది కాదమ్మా" అని తలుపేసుకునేది. పొరపాటున తాబేళ్ళ అసిరమ్మ అని పిలిస్తే ఆ సందు మార్చి నడిచేది. వీధి చివర రోజారమణి ఎదురొస్తే ఇద్దరూ చూపులు తిప్పుకునేవాళ్ళు. తర్వాతి సీజన్ వచ్చాక మాత్రం, కంచె బయట కర్ర పట్టుకుని కుక్కల్ని అదిలిస్తూ కూర్చోవడం మొదలుపెట్టింది. జీతం లేదు, వద్దంది. లోపల ఏం జరుగుతోందని కూడా అడగదు. తెలవారేసరికి వచ్చి, ఎండెక్కితే వెళ్ళిపోయేది.

ఒక ఉదయం నేనూ అటు వెళ్ళినప్పుడు, గుంట పగిలి తాబేలు పిల్లలు బయటికొచ్చాయి. అశోక్, సాయిశంకర్ టబ్బుల్లోకి ఎత్తుతుండగా ఒకటి వల సందులోంచి జారి రోడ్డు వైపు పాకింది. నేరుగా అసిరమ్మ కాళ్ళ దగ్గరికి. పైన కాకి తిరుగుతోంది. ఆవిడ "అశోకూ! ఓలమ్మో, బేగి రారా!" అని కేకలేసింది గానీ, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని వంగి తన నీడను దానిమీద పడేలా నిలబడింది. అశోక్‌కు క్యారేజీ తెచ్చిన రోజారమణి నాకంటే ముందు అక్కడికి చేరింది.

"ఎత్తత్తా" అంది.

"నాను ముట్టను."

రోజారమణి క్యారేజీ కింద పెట్టి, దాన్ని తనే ఎత్తి నీటి దగ్గర వదిలింది. అల వచ్చి తీసుకుపోయింది. వెనక్కి వచ్చాక క్యారేజీ చేతిలోకి తీసుకుంటూ, ఇటు చూడకుండానే అంది. "మా కోడి పొదుక్కొచ్చింది. సాయంత్రం రా."

అసిరమ్మ వెళ్ళింది. నన్ను తోడు తీసుకెళ్ళిందనుకోండి. బుట్టలో గడ్డి సర్దింది. గుడ్లు చెవి దగ్గర ఆడించి చూసింది.  ఏరడం అయ్యాక రోజారమణి పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసి అందించింది. అసిరమ్మ దాన్ని తీసుకోలేదు. కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగిపోయింది.

"నువ్వే గియ్యమ్మా" అంది.

రోజారమణి బుట్ట పక్కన కూర్చుని, గుడ్లన్నిటికీ గీతలు గీసింది.